ఛత్రపురం నల్ల ఇసుకలో రేర్ ఎర్త్‌లు ఉంటే మనం చైనా వైపు ఎందుకు చూస్తున్నాం?

ప్రశ్న అడిగిన అమ్మాయి బరంపురంలో డిగ్రీ చదువుతోందట. అడిగినవి మూడు. రేర్ ఎర్త్ మూలకాలంటే ఏమిటి? ఒడిశాలోని మన గంజాం తీరంలోనే, ఛత్రపురం దగ్గర, అవి ఉంటే దేశం చైనా మీద ఎందుకు ఆధారపడుతోంది? ఆ ఇసుక మీద తిరిగితే రేడియేషన్ ప్రమాదమా? నేను బరంపురంలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. పిల్లల్ని వెంటేసుకుని ఆ ఒడ్డుకు తరచూ వెళ్తుంటాను కాబట్టి ఇసుక దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఛత్రపురం, ఆర్యపల్లి వైపు ఒడ్డున నడిస్తే కెరటం వెనక్కి మళ్లిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు లక్షల ఏళ్లుగా చివికి, ఋషికుల్య లాంటి ఏళ్ల వెంట కొట్టుకొచ్చి సముద్రంలో కలిశాయి. తేలికపాటి తెల్ల ఇసుకను కెరటం లాక్కుపోతుంది, బరువైన రేణువులు ఒడ్డునే దిగబడతాయి. చిటికెడు తీసి తెల్ల కాగితం మీద పోసి భూతద్దం పెట్టండి. నిగనిగలాడే నల్లవి ఇల్మెనైట్. ఎర్రగా, గులాబీగా ఉన్నవి గార్నెట్. రంగు లేకుండా తళుక్కుమనేవి జిర్కాన్. వీటి మధ్య ఎక్కడో ఒకటీ అరా, అంచులు అరిగి గుండ్రబడ్డ తేనె రంగు గింజ కనిపిస్తుంది. అది మోనజైట్. రేర్ ఎర్త్‌లు ఉన్నది అందులోనే. వార్తల్లో అంత గొడవ జరుగుతున్నది దాని గురించే. ఆ ఇసుకలో మోనజైట్ వంతు ఒక శాతం కూడా ఉండదు.

మా ల్యాబులోని పాత లాడపు అయస్కాంతాన్ని ఆ కాగితం కింద తిప్పితే ఇసుకలో పెద్దగా చలనం ఉండదు. పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్క్ విప్పి తీసిన అయస్కాంతం పెడితే మాత్రం ఇల్మెనైట్ మొత్తం నిక్కబొడుచుకుని లేస్తుంది, గార్నెట్ కూడా కొంత దాని వెంటే జరుగుతుంది. పిల్లలు నోరెళ్లబెట్టేది ఇక్కడే. ఆ అయస్కాంతం నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసింది. ఆ నియోడిమియం ఒక రేర్ ఎర్త్, మన తేనె రంగు గింజలోనూ ఉంది.

ఓసారి పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా తంతు చూసి, "మేస్టారూ, ఈ ఇసకలో బంగారం కంటే ఖరీదైందేదో ఉందంట, నిజమేనేటి?" అన్నాడు. "విలువైంది ఉంది తాతా, బంగారమంత కాదు. బస్తాడు మోసుకుపోయినా నీకూ నాకూ టీ డబ్బులు కూడా రావు" అన్నాను. అమ్మాయికి కూడా నా జవాబు అదే. ఈ మూలకాలు దొరకడం పెద్ద విషయం కాదు, వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడమే అసలు కష్టం.

రేర్ ఎర్త్‌లు అంటే మొత్తం 17 మూలకాలు. ఆవర్తన పట్టికలో 57వదైన లాంథనం నుంచి 71వదైన లుటీషియం దాకా 15, వాటితో గుణం కలిసే స్కాండియం, ఇట్రియం. ఒక్క ప్రొమీథియం మాత్రం రేడియోధార్మికం, భూమిలో లేనట్టే లెక్క. మిగతావాటికి కరువు లేదు. సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి అంత ఉంది. బాగా తక్కువ అనుకునే థూలియం, లుటీషియం కూడా వెండి కంటే ఎక్కువే. కాకపోతే ఒకచోట దండిగా పోగుపడవు, ఎక్కడున్నా గుంపుగానే ఉంటాయి.

ఆ గుంపు ఎందుకు విడిపోదో డిగ్రీ చదివేవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. లాంథనం నుంచి లుటీషియం వైపు వెళ్లేకొద్దీ కొత్త ఎలక్ట్రాన్లు బయటి కక్ష్యలోకి రావు, లోపలి 4ఎఫ్ కక్ష్యలో చేరతాయి. రసాయన చర్యల్లో పాల్గొనేది బయటి ఎలక్ట్రాన్లు కాబట్టి అన్నీ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి, అన్నీ మూడు ధనావేశాల అయాన్లే ఇస్తాయి. తేడా అంతా అయాన్ సైజులో ఉంది: లాంథనం అయాన్ వ్యాసార్ధం సుమారు 103 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు), లుటీషియం దగ్గర 86. మధ్యలో ఒక్కో మెట్టుకూ ఒకటి రెండు పికోమీటర్లే. చాటలో చెరిగితే ఊక, బియ్యం విడిపోతాయి గానీ, కలిసిపోయిన రెండు రకాల సన్నబియ్యాన్ని చెరిగి వేరుచేయమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మరోపక్క, ఆ లోపలి ఎలక్ట్రాన్ల వల్లే అయస్కాంత గుణం, రంగు, వెలుగు ఒక్కోదానికి ఒక్కోలా వచ్చాయి. విడదీయనివ్వని అమరికే వాటికి గిరాకీ కూడా తెచ్చింది.

చరిత్ర చూసినా ఇదే కష్టం. 1787లో స్వీడన్‌లో ఇటర్‌బీ అనే ఊరి దగ్గర గనిలో అరేనియస్ అనే సైనికాధికారికి ఒక బరువైన నల్లరాయి దొరికింది. 1794లో ఫిన్లాండ్ రసాయనవేత్త గడోలిన్ దాన్ని పరీక్షించి కొత్త ఆక్సైడ్ ఉందని చెప్పాడు. ఆ చిన్న ఊరి పేరుతోనే ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇటర్బియం అని నాలుగు మూలకాలున్నాయి. 1803లో సీరియం బయటపడింది. ఒకటే అనుకున్న ఆ సీరియం పదార్థం నుంచే స్వీడన్ రసాయనవేత్త మొసాండర్ 1839లో లాంథనాన్ని, ఆ తర్వాత డిడీమియాన్ని వేరు చేశాడు. నలభై ఏళ్లకు పైగా డిడీమియం ఒక మూలకమని లోకం నమ్మింది. 1885లో వియన్నాలో ఆయర్ ఫాన్ వెల్స్‌బాక్ దాన్ని రెండుగా చీల్చాడు: లవణాలు ఆకుపచ్చగా ఉండే ప్రసియోడిమియం, ఊదా రంగులో ఉండే నియోడిమియం. 1911లో అమెరికాలో చార్లెస్ జేమ్స్ శుద్ధమైన థూలియం కోసం ఒకే లవణాన్ని సుమారు 15,000 సార్లు కరిగించి స్ఫటికాలు కట్టించాడు. ఆ ఓపిక తలుచుకుంటే మా ప్రాక్టికల్స్‌లో రెండోసారి టైట్రేషన్ చేయమంటే మొహం మాడ్చే పిల్లలు గుర్తొస్తారు.

వెల్స్‌బాక్ మనకు పరాయివాడేం కాదు. పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన మోసుకెళ్లిన పెట్రోమాక్స్ లైట్లలో తెల్లగా వెలిగే మాంటిల్ ఆయన కనిపెట్టిందే. అందులో 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్. సిగరెట్ లైటర్లో రవ్వలు రాల్చే రాయి కూడా ఆయనదే, సీరియం, ఇనుము మిశ్రమం. ఆ మాంటిల్‌కి కావాల్సిన థోరియం అనే రేడియోధార్మిక లోహం మోనజైట్‌లో ఉంటుంది కాబట్టే తెల్లవాళ్ల కన్ను మన తీరాల మీద పడింది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ తిరువాన్కూరు ఇసుకలో మోనజైట్‌ని గుర్తించాడు.

ఇప్పటి ఉపయోగాలు చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. ఎల్ఈడీ బల్బు తెల్లదనం వెనక సీరియం కలిపిన ఇట్రియం సమ్మేళనం, పెట్రోలు రిఫైనరీల్లో లాంథనం, సముద్రం కింది ఇంటర్నెట్ కేబుళ్లలో వెలుగుకు మళ్లీ బలమిచ్చే ఎర్బియం, ఎంఆర్ఐ ఇంజెక్షన్లో గడోలినియం. అసలు పోరు మాత్రం అయస్కాంతాల దగ్గర. నియోడిమియం అయస్కాంతం 1980ల మొదట్లో జపాన్లో, అమెరికాలో దాదాపు ఒకేసారి పుట్టింది. ఒక ఎలక్ట్రిక్ కారు మోటారుకు కిలో, రెండు కిలోల అయస్కాంతం పడుతుంది. మోటారు వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గిపోకుండా కాస్త డిస్‌ప్రోసియం కలపాలి. ఈ డిస్‌ప్రోసియాన్ని గుర్తుపెట్టుకోండి.

ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారంలో ఏం జరుగుతుందో క్లుప్తంగా. ఇసుకను నీళ్లతో కలిపి మెలికల తొట్లలో జార్చి బరువైన ఖనిజాలను పోగేస్తారు. ఎండబెట్టాక అయస్కాంతాలతో కొన్నిటిని, అధిక వోల్టేజీతో కొన్నిటిని వేరు చేస్తారు. ఇల్మెనైట్‌కి విద్యుత్తు పారుతుంది, మోనజైట్‌కి పారదు. అక్కడిదాకా భౌతికశాస్త్రం, ఆపైన మా కెమిస్ట్రీ. మోనజైట్ అనేది ఫాస్ఫేటు. కాస్టిక్ సోడాతో వేడిచేస్తే ఫాస్ఫేటు భాగం ట్రైసోడియం ఫాస్ఫేటుగా బయటికొచ్చేస్తుంది. మిగిలిన హైడ్రాక్సైడ్లకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి, థోరియాన్ని పక్కకు తీసేస్తే రేర్ ఎర్త్ క్లోరైడ్ మిగులుతుంది. అందులో ఇంకా అన్నీ కలిసే ఉంటాయి. దాన్ని కేరళలోని ఆలువా ప్లాంటులో విడదీస్తారు. 1952లో మొదలైన ప్లాంటు అది. ఒక ద్రావణం నుంచి నూనెలాంటి మరో ద్రావణంలోకి అయాన్లను పదే పదే మార్చుతూ, వందల దశలు దాటిస్తే గానీ నియోడిమియం ఒంటరిగా చేతికి రాదు.

ఇక చైనా సంగతి. దేశంలో 1.315 కోట్ల టన్నుల మోనజైట్ ఉందని, అందులో 72.3 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్లని అణుశక్తి శాఖ లెక్క. నిల్వల్లో మనం వెనకబడి లేం. అయినా చైనా వైపు చూడటానికి మొదటి కారణం, మన మోనజైట్‌లోని రేర్ ఎర్త్‌ల్లో ఎక్కువ భాగం సీరియం, లాంథనం. వీటికి ధర తక్కువ. నియోడిమియం ఐదో వంతు దాకా ఉంటుంది. డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి బరువైనవి నామమాత్రం. అవి దక్షిణ చైనా బంకమట్టి నిక్షేపాల్లో దొరుకుతాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడింటిలో ఈ రెండూ ఉన్నాయి, నియోడిమియం లేదు. మన వాహన కంపెనీలకు అయస్కాంతాలు అందక ఇబ్బంది అయింది అప్పుడే.

రెండో కారణం థోరియం. మన మోనజైట్‌లో 8 నుంచి 10 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది కాబట్టి అది అణుశక్తికి సంబంధించిన చట్టాల కిందికి వస్తుంది, ఎవరు పడితే వాళ్లు ముట్టుకోకూడదు. ఇది నాకు సమంజసంగానే అనిపిస్తుంది. నాకు మింగుడుపడనిది మూడో కారణం. ఆక్సైడ్ దాకా ఏళ్ల తరబడి మనం చేస్తూనే ఉన్నాం, ఆ తర్వాతి మెట్లు, అంటే లోహం, మిశ్రమలోహం, అయస్కాంతం, పట్టించుకోలేదు. ఇక్కడ కొనేవాడు లేడని ఫ్యాక్టరీ పెట్టలేదు, ఫ్యాక్టరీ లేదని కొనేవాడు చైనా వెళ్లాడు. చైనా నష్టానికైనా ఓర్చుకుని ఆ మెట్లన్నీ కట్టుకుంది. విశాఖలో ఐఆర్ఈఎల్ సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల యూనిట్ పెట్టింది గానీ దాని సామర్థ్యం ఏడాదికి 3 టన్నులే.

రేడియేషన్ గురించి. ఆ థోరియం వల్ల ఒడ్డున సహజ రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువన్నది కొలిచి చెప్పిన మాటే. కేరళలో ఇలాంటి ఇసుక ఉన్న కరునాగపల్లిలో దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు అందులో తేలలేదు. కాబట్టి సాయంత్రం షికారుకి నిశ్చింతగా వెళ్లండి. ఇసుకను సీసాలో నింపి బల్ల మీద అలంకారంగా పెట్టుకోవడం మాత్రం వద్దు. భూతద్దంతో చూసి అక్కడే వదిలేయండి. పొడి ఖనిజం దుమ్ము పీల్చే పనిలో ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మాస్కు, డోసు కొలిచే బ్యాడ్జి ఉండాల్సిందే.

అన్నట్టు, ఈ రంగంలోకి రావాలనుంటే పీజీలో ఇనార్గానిక్ తీసుకుని సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ మీద, అంటే పైన చెప్పిన ద్రావణాలు మార్చే పద్ధతి మీద, ప్రాజెక్టు చేయమ్మా. గనులు తవ్వే కోర్సుల కంటే మనుషులు తక్కువగా ఉన్నది అక్కడే.