యోహాను 14:28 చూపించి ‘తండ్రినే ఆరాధించాలి’ అంటే ఏం చెప్పాలి?

ఈ వచనం చూపించి, యేసును కాదు, తండ్రినే ఆరాధించాలని మీ బావగారు అంటున్నారని అడిగారు. మీరూ ఆయనా రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేశారు, చిక్కు అక్కడే. ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అన్న వచనం కుమారుడైన యేసు తండ్రికి లోబడటం గురించి. ఆరాధన ఎవరికన్నది అక్కడ తేలదు.

1. దేవుడు ఒక్కడే, ఆరాధన ఆయనకే (మత్తయి 4:10). ఇది ముందే ఒప్పుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆరాధనను ఎవరు వద్దన్నారో చూడండి.
కొర్నేలీ అనే సైనికాధికారి తన పాదాల మీద పడితే అపొస్తలుడు పేతురు లేవనెత్తి, తానూ మనిషినే అన్నాడు (అపొస్తలుల కార్యములు 10:25-26).
యోహాను సాగిలపడితే దూత ఆపాడు (ప్రకటన 22:8-9).
శిష్యుడు తోమా యేసుతో ‘నా ప్రభువా, నా దేవా’ అంటే ఆయన ఆపలేదు (యోహాను 20:28).
దూత వద్దన్న ఆ ప్రకటన గ్రంథంలోనే, 5:13లో, సింహాసనం మీద ఉన్నవానికీ గొర్రెపిల్లకూ (అంటే యేసుకు) కలిపి ఒకే స్తుతి. నాకు అన్నిటికంటే బలంగా అనిపించేది ఇదే. ప్రకటనలోని ఈ రెండు భాగాలూ బావగారి చేతే పక్కపక్కన చదివించండి.

3. ‘యేసును దేవుడనడం 325లో నీకయా సభ (క్రైస్తవ బిషప్పుల సమావేశం) కల్పించింది’ అంటే: సుమారు 112లోనే రోమన్ అధికారి ప్లినీ, క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా ఎంచి పాటలు పాడతారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు.

ప్రార్థన మామూలుగా తండ్రికే, యేసు పేరట. అక్కడ బావగారితో ఏకీభవించండి. తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను మాత్రం చనిపోతూ నేరుగా యేసునే పిలిచాడు (అపొ. 7:59).