రాత్రంతా లినక్స్ ప్యాకేజీలంటాడు, ఏఐ కోర్సు వద్దంటాడు!

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరుతుంటే, వీడు డెబియన్ లినక్స్‌కు ఉచితంగా ప్యాకేజీలు తయారుచేస్తూ రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు భయం డెబియన్ కాదు, క్యాంపస్ నియామకాల నాటికి మీవాడు వెనకబడతాడేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి.

ముందు మీవాడు చేసే పనేమిటో చూద్దాం. డెబియన్ అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం. ప్యాకేజీ అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను అందులో తేలిగ్గా ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన మూట. సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయడానికి కావలసినవి వేరు, అది నడవడానికి కావలసినవి వేరు. డెబియన్‌లో ఈ రెండు జాబితాలనూ ‘కంట్రోల్’ అనే ఫైల్‌లో రాస్తారు. రెండో జాబితాలో లైబ్రరీలను (ఇతర ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) చాలావరకు టూల్సే వెతికి నింపుతాయి. కానీ ప్రోగ్రామ్ మధ్యలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌ను పేరుపెట్టి పిలిస్తే అవి పసిగట్టలేవు. కోడ్ చదివిన మనిషే రాయాలి. మొదటి జాబితాలో ఒక పేరు మరిచిపోతే సొంత ల్యాప్‌టాప్‌లో తెలియదు, అందులో అన్నీ ముందే ఉంటాయి కదా! ఖాళీ సిస్టమ్‌లో తయారుచేసి (బిల్డ్ చేసి) చూసినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఈ పనికి గిరాకీ ఉందా? 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు వాడే లాగ్4జే అనే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు, ఆ లైబ్రరీ తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ దాగుందో చెప్పలేక ఎన్నో కంపెనీలు తల పట్టుకున్నాయి. 2024లో మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితాలపై మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక ఏఐ కోర్సులు. గణితం బాగా వచ్చి, దానిపై ఇష్టమున్నవాళ్లను నేను ఆపను. నా అనుమానమంతా మూడు నెలల సర్టిఫికెట్ల మీదే. ఎవరో రాసిపెట్టిన కోడ్‌ను నడిపి చూపిస్తారు, సంభావ్యత జోలికి పోరు. ఇంటర్వ్యూలో ‘ఈ మోడల్ ఎందుకు తప్పుతోంది?’ అని అడిగితే అభ్యర్థి నోరు మెదపడు. విచిత్రమేమిటంటే ఆ మోడళ్లు నడవాలన్నా పైథాన్ లైబ్రరీల వెర్షన్లు కుదరాలి. అక్కడ చిక్కుపడితే విప్పడం నేర్చుకుంటున్నది మీవాడే.

ఒక్కమాట, ఏమీ అనుకోకండి. తోటివాళ్ల కోర్సుల గురించి రాశారు, మీవాడు చేసిన ప్యాకేజీ పేరు ఒక్కటీ రాయలేదు. ఎప్పుడైనా పక్కన కూర్చుని అడిగారా? అడగకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా?

క్యాంపస్‌లో ప్యాకేజీల తయారీ అన్న పేరుతో ఉద్యోగాలు రావన్నది నిజమే. బిల్డ్, రిలీజ్ ఇంజినీర్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి నడిపే పని), సాఫ్ట్‌వేర్ భద్రత అనే పేర్లతో వెతకమనండి. ఫ్రెషర్లకు అవీ తక్కువే కాబట్టి డేటా స్ట్రక్చర్స్ సాధన మానకూడదు. ప్యాకేజీ మార్పుల చిట్టాలో తన పేరున్న పేజీల లింకులను రెజ్యూమేలో పైనే పెట్టమనండి. రాత్రి జాగారాల విషయంలో మాత్రం మీరు నిరభ్యంతరంగా కోప్పడవచ్చు.