లిమా నుంచి కుస్కో వెళ్లాలంటే...

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా పెరూలో, లిమాలో ఉంటున్నాడు. డిసెంబర్‌లో మమ్మల్ని రమ్మంటున్నాడు, కుస్కో మీదుగా మాచు పిచ్చు చూపిస్తాడట. కుస్కోకి విమానంలో గంటా ఇరవై నిమిషాలు, బస్సులో అయితే ఇరవై గంటలు దాటుతుందన్నాడు. ఇంత తేడా ఏమిటండీ? మావారికి 62 ఏళ్లు, బీపీ ఉంది, విమానమంటే టెన్షన్. నిదానంగా బస్సులో వెళ్లడమే నయమా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పిన రెండు లెక్కలూ నిజమేనమ్మా. తిన్నగా గీత గీస్తే లిమాకీ కుస్కోకీ మధ్య దాదాపు 585 కిలోమీటర్లు. అదే రోడ్డు మీద 1,100 దాకా అవుతుంది, మధ్యలో ఆండీస్ పర్వతాలున్నాయి మరి. మన విజయవాడ-హైదరాబాద్ హైవేలా ఐదారు గంటల్లో సాఫీగా పోయే దారి కాదది, ఎక్కడం, లోయలోకి దిగడం, మళ్లీ ఎక్కడం, తిరుమల ఘాట్ రోడ్డు ఒక పగలూ ఒక రాత్రీ సాగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా ఆ దారిలో 4,000 మీటర్ల ఎత్తు దాటే చోట్లున్నాయి, అంటే కుస్కో కంటే ఎత్తు. కాబట్టి బస్సు వద్దు, విమానమే ఎక్కండి.

అసలు ఆలోచించాల్సింది దూరం గురించి కాదు, ఎత్తు గురించి. లిమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన ఊటీయే 2,240 మీటర్లు! అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర కంటే మూడో వంతు తక్కువ, అందుకే దిగిన రోజు తలనొప్పి, వికారం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. మాచు పిచ్చు మాత్రం 2,430 మీటర్లే. కుస్కోలో దిగగానే అక్కడే ఉండిపోకుండా కారులో ఉరుబంబా లోయకి దిగిపోండి, అది 2,900 మీటర్ల లోపే. రెండు రాత్రులు అక్కడ పడుకుని, ఒయాంతాయ్‌తాంబోలో రైలెక్కి మాచు పిచ్చు చూసొచ్చి, కుస్కో ఊరు చివర్లో పెట్టుకోండి. మీ అబ్బాయి ముందే హోటళ్లు బుక్ చేసేసి ఉంటే ఈ వరస మార్చమని ఇవాళే ఫోన్ చేయండి.

మీవారిని మాత్రం టికెట్లు తీసుకోకముందే గుండె డాక్టర్‌కి చూపించి, ఎంత ఎత్తుకి వెళ్తున్నారో అంకె చెప్పి అడగండి. "కొండ ప్రాంతం" అని ఊరుకోకండి.

డిసెంబర్ అక్కడ వానాకాలం, కుస్కో విమానాశ్రయం చుట్టూ కొండలే, మబ్బు పడితే ఆలస్యాలు తప్పవు. పొద్దుటి విమానం చూసుకోండి, తిరుగు ప్రయాణంలో అదే రోజు ఇండియా విమానం పెట్టుకోకండి. అక్కడ కోకా ఆకుల టీ ఇస్తారు, ఆ ఆకులు మన దేశంలో నిషేధం, గుర్తుగా కూడా సంచిలో వేసుకోవద్దు.

ప్రశ్న: లిమా నుంచి లా పాజ్‌కి రెండు గంటల ప్రయాణం అన్నారు, టికెట్ మీద మాత్రం మూడు గంటల తేడా కనబడుతోంది. పొరపాటా?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కాదు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, లా పాజ్ ఉన్న బొలీవియా గడియారం పెరూ కంటే గంట ముందుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు చూడండి, గంట తేడానే కనబడుతుంది.