బుజ్జీ, నేల వేయించే ముందు ఒక్క మాట

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

కర్నూల్లో సొంతిల్లు కట్టుకుంటున్నావని ఇక్కడ కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నీ బెడ్‌రూమ్‌లో చెక్క ఫ్లోరింగ్, బాబు గదిలో బొమ్మల వినైల్ షీటు వేయిస్తున్నావని చెప్పింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. నెబ్యులైజర్ పెట్టుకునే పిల్లాడు పడుకునే గదమ్మా అది!

షాపువాడు చెక్క అంటాడు గానీ అది లామినేట్. చెక్కపొట్టును జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన పలక మీద చెక్క డిజైన్ కాగితం. ఆ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ గాలిలోకి వస్తుంది. వేడి, ఉక్క పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ వస్తుంది. కర్నూలు ఎండల గురించి నీకు వేరే చెప్పాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని క్యాన్సర్ కారకమని తేల్చింది. మోజు తీరక తప్పదంటే పెట్టె మీద ఈ-వన్ లేదా ఈ-జీరో అని, అంటే ఆ ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకమని గుర్తు ఉందో లేదో చూసి కొను.

మీ చిన్నాన్న ఇంటి సంగతి నీకు గుర్తుండదు, అప్పటికి చిన్నదానివి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. కింది గదిలో నేలకి సిమెంటు బెడ్ వేసి వారం కూడా కాలేదు. పైకి తెల్లగా ఆరినట్టే ఉంది గానీ లోపలంతా తడి. మీ చిన్నాన్న వినైల్ షీటు మీద ముచ్చటపడి, జిగురు పూయించి అంటించేశాడు. ఆగమని మేస్త్రీ మొత్తుకున్నా, ఇది దాటితే మళ్లీ శ్రావణం దాకా ముహూర్తం లేదని ఎవరూ వినలేదు. మొదట్లో కొత్తింటి వాసన అని మురిసిపోయారు. నెలలు గడిచినా అది పోలేదు. తియ్యగా, ముక్కు పట్టేసే వాసన. తడి సిమెంటులోని క్షారం ఆ షీటును మెత్తగా ఉంచే రసాయనాన్ని, జిగురును విడగొడుతుంది. అలా పుట్టిందే ఆ వాసన. వీళ్లేమో అగరబత్తీలు వెలిగించి, కిటికీలు మూసి ఏసీ వేశారు. ఇంకా ముదిరింది. "మీ గదిలో ఊపిరాడట్లేదురా" అని నాయనమ్మ మంచం వరండాలోకి వేయించుకుంటే, ముసలావిడ చాదస్తమన్నారు. చివరికి గోడ వారన షీటు ఉబ్బితే లేపి చూశాం. జిగురు నల్లగా బంకై, బూజు పట్టి ఉంది. అంతా గీకించి, ఎండాకాలమంతా గది ఖాళీగా వదిలేసి, అప్పుడు బేతంచెర్ల బండలు పరిపించాం. డబ్బు రెండింతలు.

అందుకే పైన ఏం వేస్తావన్నదాని కంటే కింద తడి ఉందేమోనన్నదే నా భయం. పాలిథిన్ ముక్క నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి మర్నాటి దాకా వదిలెయ్యి. లోపల నీటిచుక్కలు కనిపించినా, నేల రంగు ముదిరినా ఆగు. బెడ్ ఆరడానికి అంగుళం మందానికి నెల అన్నది పాత లెక్క. ముహూర్తం సంగతి పంతులుగారితో నేను మాట్లాడతాను.

నన్నడిగితే గదులకు బేతంచెర్ల గానీ తాండూరు గానీ వేయించు. సిమెంటు మాల్ మీదే పరుస్తారు, జిగురుతో పని లేదు. చిన్నప్పుడు మే నెలలో మా ఇంటికొస్తే చెంప బండకి ఆనించి నిద్రపోయేదానివి. లేచేసరికి చెంప మీద బండల మధ్య పాయింటింగ్ గీత అచ్చు పడి ఉండేది. కాకపోతే ఈ బండలు సున్నపురాళ్లు, చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మచ్చపడతాయి, కాబట్టి వంటింటికి విట్రిఫైడ్ టైల్స్ మేలు. బాత్రూముకు గరుకువి. కడగడానికి యాసిడ్ వాడకు. పొరపాటున బ్లీచింగ్‌తో కలిసిందా, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

టైల్స్, గ్రానైట్ ఇంట్లో పొడిగా కోయనివ్వకు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఇక పోదు. నాతో పనిచేసిన పాలిష్ పనివాడు దగ్గుతో యాభై నిండకుండానే పని మానుకున్నాడు. బయట, బ్లేడు మీద నీళ్లు పడుతుండగా కోయమను. పనివాళ్లకు మంచి మాస్కులు నువ్వే కొనివ్వు, అడిగితే వాళ్లు వద్దంటారు. పని జరిగినన్ని రోజులూ బాబును అమ్మ దగ్గరే ఉంచు.

వినైల్‌కి అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇచ్చినా పోతే పోనీ, సగం నేను పెట్టుకుంటాను. ఈ మాట మీ ఆయనకి చెప్పకు, మొహమాటపడతాడు. బెడ్ ఎప్పుడు వేశారో తేదీ మాత్రం ఇవాళే మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న