మా వాడు పాడేది పాటేనా?

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీ బృందగానంలో చేరి ఇంట్లో రోజూ ప్రాక్టీస్ చేస్తున్నాడు. నాకు తెలిసిన పాటే, కానీ వాడు పాడేది ఆ వరసలో ఉండదు. నాలుగు స్వరాల మధ్యే గుయ్‌మంటూ తిరుగుతాడు. ప్రోగ్రాముకు రమ్మని ఒకటే గొడవ. ఫోన్లో వీడియో చూస్తే సరిపోదా? - ఒక తల్లి, చిత్తూరు

జవాబు: సరిపోదమ్మా, వెళ్లండి. మీ వాడు బహుశా బేస్ పాడుతున్నాడు, అంటే మగపిల్లల్లో కింది గొంతు. దానిపైన టెనర్, అమ్మాయిల్లో ఆల్టో, సొప్రానో. మీకు తెలిసిన వరస చాలావరకు సొప్రానోల దగ్గరే ఉంటుంది. మిగతావి విడిగా వింటే చారులో వేయాల్సిన ఇంగువని ఉత్తినే నాకినట్టు ఉంటుంది. నేను గుంటూరులో చర్చి కాయిర్‌లో ఆల్టో పాడుతూ పెరిగాను. "నీకు అసలు పాట ఎందుకివ్వరే?" అని మా అమ్మ మాస్టారి మీద అలిగేది.

ఇక ఫోన్ సంగతి. ఆ చిన్న స్పీకర్‌లో ముందు ఎగిరిపోయేది కింది స్వరాలే. అంటే మీ వాడే! హాల్లో అయితే బేస్ ఓ పక్క నుంచి, సొప్రానో ఇంకో పక్క నుంచి వచ్చి మీ దగ్గర కలుస్తాయి. శ్రుతి ఇచ్చాక పిల్లల్ని గమనించండి, ఒకరిద్దరు పెదవి విప్పకుండా తమ స్వరం సరిచూసుకుంటారు. నడిపించేవారి చెయ్యి లేవగానే అందరూ ఒక్కసారి ఊపిరి తీస్తారు, అదీ వినబడుతుంది. పొడుగు స్వరం మాత్రం తెగదు. పక్కపక్కవాళ్లు ఒకేచోట ఊపిరి తీయకుండా ముందే అనుకుంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఇదే.

అన్నట్టు, ఎం.బి. శ్రీనివాసన్ 1925లో మీ చిత్తూరులోనే పుట్టారు. మలయాళ సినిమా సంగీతంలో పెద్ద పేరు. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కాయిర్ పెట్టి, మన దేశభాషల పాటలే ఇలా గొంతులు విడదీసి పాడించారు. కలకత్తాలో గాయని రుమా గుహ ఠాకుర్తా 1958లోనే అలాంటి బృందం మొదలుపెట్టారు. హార్మనీ, అంటే ఇలా వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిపి పాడటం, మనకు నప్పదనేవాళ్లతో అందుకే నాకు పడదు.

మొదటి వరసలో, మీ వాడికి ఎదురుగా మాత్రం కూర్చోకండి, వాడొక్కడే వినిపిస్తాడు. హాలు మధ్యలో చూసుకోండి. వాళ్ల నాన్ననీ లాక్కెళ్లండి.