సమాధానం: ప్రార్థిస్తూనే ఉద్యోగం వెతుక్కోవడం అవిశ్వాసమా?

వందనాలు బ్రదర్. ఉద్యోగం పోయింది, సాయం చేస్తానన్న బంధువు ఫోన్ ఎత్తడం లేదు, దేవుణ్ణి నమ్మినవాడు ఇంకా ఉద్యోగాల కోసం తిరగవచ్చా అని అడిగారు. నిస్సంకోచంగా తిరగండి. బైబిల్లో చూడండి, యెరూషలేము గోడ కడుతుండగా శత్రువులు దాడికి కుట్ర పన్నారని తెలిసి, ఆ పనికి నాయకుడైన నెహెమ్యా ప్రార్థన చేశాడు, రాత్రింబగళ్లు కాపలా కూడా పెట్టాడు. ఆయన్ని అవిశ్వాసి అనలేం కదా! చిక్కల్లా ఆ బంధువు పలకకపోతే ఇక అంతా అయిపోయిందనుకోవడంలో ఉంది. శత్రు సైన్యం మీదికి వచ్చినప్పుడు యూదా దేశపు యెహోషాపాతు రాజై ఉండి కూడా అందరి ముందూ తమకు శక్తి చాలదని, ఏం చేయాలో తోచడం లేదని, నీవే దిక్కని దేవునితో అన్నాడు. బైబిల్లో 2 దినవృత్తాంతములు 20వ అధ్యాయంలో ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టనప్పుడు ఆ ప్రార్థన పైకి చదవండి. ఆ బంధువుకి మాత్రం ఒక్క మెసేజ్ పెట్టి వదిలేయండి.