తేనెమైనం బదులు క్యాండెలిల్లా వేస్తే లిప్ బామ్ ఎందుకు గట్టిపడుతోంది?

ఇంట్లో చేసే లిప్ బామ్‌లో తేనెమైనం బదులు అంతే తూకంలో క్యాండెలిల్లా అనే మొక్క మైనం వేశానని, ఇప్పుడు బామ్ పెదవి మీద జారకుండా గీసుకుపోతోందని, రవ్వరవ్వగా కూడా తగులుతోందని మీరు రాశారు. అంత తూకం క్యాండెలిల్లాకు చాలా ఎక్కువ. నేను చాలాకాలంగా ఇంట్లో బామ్‌లు చేసుకుంటున్నాను. తేనెమైనం 20 శాతం పట్టే చోట క్యాండెలిల్లా 10 శాతం వేస్తే సరిపోతుంది, మహా అయితే 12.

కరిగే వేడి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. తేనెమైనం 62–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర, క్యాండెలిల్లా 68–73 దగ్గర కరుగుతాయి. అసలు తేడా వాటి కూర్పులో ఉంది. తేనెమైనంలో ఎస్టర్లు (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థాలు) ఎక్కువ, వేళ్ల మధ్య నలిపితే సాగుతుంది. మెక్సికో ఎడారి మొక్క కాడల నుంచి తీసే క్యాండెలిల్లాలో దాదాపు సగం హైడ్రోకార్బన్లే (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాలు). అందుకే మెరుపు బాగుంటుంది కానీ పెళుసు, వంచితే విరుగుతుంది.

మీ దగ్గరున్న కార్నౌబా మైనం ఇంకా మొండిది. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే పొర అది, ఆకులు ఎండబెట్టి కొడితే పొడిగా రాలుతుంది. 82–86 డిగ్రీలు తగిలితే గానీ కరగదు. లిప్‌స్టిక్ ఎండకు వంగిపోకుండా నిలబడేది దీని చలవతోనే. బామ్‌లో మాత్రం ఒకటి రెండు శాతం దాటనివ్వకండి. నాకు నచ్చే జోడీ క్యాండెలిల్లా, తవుడు మైనం. బియ్యపు తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు వేరుపడే ఈ మైనం ఆ గీసుకుపోయే గుణాన్ని కాస్త తగ్గిస్తుంది. సోయా మైనం గురించి కూడా అడిగారు. అది హైడ్రోజన్‌తో గట్టిపరిచిన నూనె, కొవ్వొత్తులకు బాగుంటుంది, బామ్ కడ్డీని అదొక్కటే నిలబెట్టలేదు.

గట్టిపడిన బామ్ పారేయకండి. వేడినీటి గిన్నెలో పెట్టి మళ్లీ కరిగించి, గోరువెచ్చని ఆముదం కొద్దికొద్దిగా కలపండి. చల్లటి నూనె ఒక్కసారిగా పోస్తే మైనం తెల్లటి తునకలుగా విడిపోతుంది. పోసిన ప్రతిసారీ చల్లని పళ్లెం మీద ఒక చుక్క వేసి, గడ్డకట్టాక గోటితో గీయండి. పెచ్చులుగా లేచిందంటే ఇంకా నూనె పడుతుంది. వేలికి మెత్తగా అంటుకుని పల్చటి పొరలా పరుచుకుంటే ఆపేయండి. రవ్వరవ్వగా తగులుతోందన్న మీ రెండో ఫిర్యాదుకు మైనం కన్నా షియా బటర్ (షియా గింజల కొవ్వు) మీదే నా అనుమానం. అది నెమ్మదిగా చల్లారితే గింజ కడుతుంది. దాన్ని చివర్లో వేసి, డబ్బాల్లో పోయగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

క్యాండెలిల్లాతో క్రీమ్ కూడా చేస్తానన్నారు. తేనెమైనంలోని ఆమ్లాలు బోరాక్స్‌తో (వెలిగారంతో) కలిసి నూనెనూ నీటినీ పట్టి ఉంచుతాయి, పాతకాలపు కోల్డ్ క్రీములు అలా చేసినవే. ఆ పద్ధతిలో క్యాండెలిల్లాను నమ్ముకోవద్దు, నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫైయర్ విడిగా వేయాల్సిందే. నీళ్లు కలిపారంటే పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివ్ కూడా తప్పదు.